పన్నెండు ఫొటోల కాలం

పరాయి దేశం మనిషి నాతో అన్న మొట్టమొదటి మాట ‘ఓయ్’.

2006 నాటి సంగతి. అమలాపురంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతూ, సాయంత్రాలు మా మావయ్య నెట్ సెంటర్లో కౌంటర్ దగ్గర కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఫేస్‌బుక్‌లాంటి ఆర్కుట్ అనే సైట్లో, అందరూ కబుర్లు రాసిపోయే నా స్క్రాప్‌బుక్ తెరిచేసరికి ఎవరో బ్రెజిల్ కుర్రాడు ఏదో రాశాడు. మొదటి మాట ‘ఓయ్’. తర్వాతదంతా నాకు తెలియని భాష. ముక్కూ మొహం తెలియనివాడు గేదెని అదిలించినట్టు ఓయ్ అనడమేంటని నాకు ఒళ్ళు మండింది. పక్కనున్న స్నేహితుడు నాకంటే రోషగాడు. “నువ్వూ ఓయ్ అని కొట్టరా, చూద్దాం” అన్నాడు. కొట్టాను. అవతలివాడు పొంగిపోయి ఇంకో నాలుగు లైన్లు రాశాడు. చివర్న వరసగా పది పన్నెండు ‘కె’లు. పోర్చుగీసులో ఓయ్ అంటే హలో అనీ, ఆ ‘కె’ల వరస వాళ్ళ నవ్వనీ తెలిసేసరికి నెల పట్టింది. ఈలోగా ఒకరినొకరు ఓయ్ ఓయ్ అనుకుంటూ మంచి స్నేహితులమైపోయాం. అంతకు మించి ఒకరి మాట ఒకరికి ఒక్కటీ అర్థమయ్యేది కాదు.

గూగుల్‌లో పనిచేసే టర్కీ ఇంజనీరు ఆర్కుట్ బుయుక్కోక్టెన్ తయారుచేసిన సైటు అది. తన పేరే పెట్టుకున్నాడు. 2004 జనవరి 24న మొదలైంది. సరిగ్గా పదకొండు రోజులకి, ఫిబ్రవరి 4న, హార్వర్డ్‌లో ఒక హాస్టల్ గదిలోంచి ఫేస్‌బుక్ బయటికొచ్చింది. దాని సంగతి మాకేం తెలుసు? 2006 సెప్టెంబరు చివరిదాకా అది అందరికీ తలుపులు తెరవనే లేదు. ఆర్కుట్ మాత్రం పుట్టింట్లో ఎవరూ పట్టించుకోక అత్తింట్లో చక్రం తిప్పిన కోడల్లాగా, అమెరికాని వదిలేసి బ్రెజిల్‌లోనూ మన దేశంలోనూ రాజ్యమేలింది. అమలాపురానికి ఈరోజుకీ రైలు లేదు. బ్రెజిల్ మాత్రం అప్పుడే మా మేడెక్కి కూర్చుంది.

మా సెంటరు గడియార స్తంభానికి నాలుగడుగుల దూరంలో, ఒక చెప్పుల షాపు పైన. ఏడు సిస్టములు, మధ్యమధ్య ప్లైవుడ్ చెక్కలు. మొదట్లో కర్టెన్లు కూడా ఉండేవి, పోలీసులు చెప్పారని తీసేశాం. గంటకి 20 రూపాయలు, అరగంటకి 10. చెప్పులు మెట్ల దగ్గరే విడవాలి. వచ్చినవాళ్ళు రిజిస్టర్లో పేరు, టైము రాసి సంతకం పెట్టాలి. కీబోర్డుల మీద ‘ఎ’, ‘ఎస్’ అక్షరాలు అరిగిపోతే వైట్నర్‌తో మళ్ళీ రాసేవాణ్ణి. కరెంటు పోతే యూపీఎస్‌లు కోడిపిల్లల్లా కీచుకీచుమనేవి, ఏడు అరల్లోంచీ ఒకేసారి ‘హో’ అని అరుపు. ఎక్కువగా వచ్చేది కాలేజీ కుర్రాళ్ళే. రిజల్టు చూసుకునే పది నిమిషాలు పోగా మిగతా టైమంతా ఆర్కుటే.

సైటు తరచూ మొరాయించేది. అప్పుడు ‘బ్యాడ్, బ్యాడ్ సర్వర్. నో డోనట్ ఫర్ యూ’ అని వచ్చేది. ఈ డోనట్ ఏంటో మా సెంటర్లో ఎవరికీ తెలియదు. హైదరాబాదులో చదివొచ్చిన ఒకాయన, “చిల్లు గారె ఉంటుంది కదండీ, దానికి పంచదార పూస్తే అదే” అని తేల్చాడు. అప్పట్నుంచీ సైటు ఆగిపోతే “గారెలు లేవంటండోయ్” అని అరిచేవారు.

ఇంకో మోజు టెస్టిమోనియల్. నీ గురించి నీ స్నేహితుడు నాలుగు మంచి మాటలు రాస్తే, నువ్వు ఒప్పుకుంటే, అది నీ ప్రొఫైల్ మీద వేలాడుతుంది. ఇంగ్లిష్ రానివాళ్ళకి నేను రాసిపెట్టేవాణ్ణి, ముక్కకి 5 రూపాయలు. నాకు వచ్చిన ఇంగ్లిష్ కూడా అంతంతమాత్రమే, అందుకని ఒకే ముక్కని పేర్లు మార్చి పదకొండు మందికి అంటించాను. అమలాపురం కుర్రాళ్ళందరూ ఒక్కసారిగా ‘జోవియల్ పర్సన్’లు అయిపోయారు. వాళ్ళలో ఇద్దరు ఒకే అమ్మాయికి ఫ్రెండ్స్ అని నాకెలా తెలుస్తుంది? ఆ ఇద్దరూ కలిసి వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డ సాయంత్రం, మావయ్య నా జీతంలోంచి పది రూపాయలు తీసి వాళ్ళకి ఇప్పించాడు.

ఇవన్నీ అప్పటివాళ్ళందరికీ ఉండే ముచ్చట్లే. నాకు ఆర్కుట్ అనగానే గుర్తొచ్చేది మాత్రం శనివారం సాయంత్రాలు, అయిదు రూపాయల బిళ్ళ గుప్పిట్లో పట్టుకుని మెట్లెక్కి వచ్చే నాలుగో తరగతి పిల్లాడు.

వాళ్ళ అమ్మ కువైట్‌లో ఉండేది. కోనసీమలో ఇది కొత్త విషయం కాదు. ఖద్దామా వీసా మీద అరబ్బుల ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు మాకు వీధికి ఇద్దరు ముగ్గురు ఉండేవారు. అంతకుముందు వాళ్ళ కబుర్లన్నీ క్యాసెట్లలో వచ్చేవి. మాటలు టేపులో రికార్డు చేసి ఊరొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపితే, ఇక్కడ ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వినేవారు. మా వీధి చివర ఉండే ఆవిణ్ణి మేమందరం కువైట్ పిన్ని అనేవాళ్ళం. పిల్లాడు అమ్మమ్మ దగ్గర.

అక్కడ డ్రైవరుగా చేసే మలికిపురం కుర్రాడొకడు ఫర్వానియాలో నెట్ కేఫ్‌కి వెళ్ళి ఆర్కుట్ చూసేవాడు. అక్కడ శుక్రవారం సెలవు, చర్చి కూడా ఆ రోజే. చర్చి దగ్గర కలిసినప్పుడు అతను పిన్నిని ఫొటో తీసి తన ఆల్బంలో పెట్టాడు. ఆ సంగతి పిన్ని ఫోన్లో చెప్పింది, అమ్మమ్మ మనవణ్ణి నా దగ్గరికి పంపింది.

ఆ ఫొటో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. తెల్ల గోడ ముందు పిన్ని. నీలం రంగు చుడీదారు, ఆవిణ్ణి చీరలో తప్ప చూసెరగం. ఎండకి కళ్ళు చికిలించింది. పక్కన ఎవరిదో సగం భుజం. చేతిలో నీళ్ళ సీసా. పిల్లాడు కుర్చీ మీద మోకాళ్ళేసి మానిటర్‌కి ముక్కు ఆనించేంత దగ్గరగా చూశాడు.

“ఆ సీసాలో ఏంటన్నయ్యా?”

“నీళ్ళు.”

“అక్కడ నీళ్ళు కొనుక్కోవాలా?”

“ఆ.”

కాసేపాగి, “మా అమ్మకి వాచీ ఉంది చూసేవా, ఇంతకుముందు లేదు” అన్నాడు. నేను అంతవరకూ వాచీని చూడలేదు.

అయిదు రూపాయలకి పావుగంట. ఆ పావుగంటా ఆ ఒక్క ఫొటోనే చూసి దిగిపోయేవాడు. మళ్ళీ శనివారం వచ్చేవాడు. మెట్ల మీద నుంచే “అన్నయ్యా, మా అమ్మ వచ్చిందా?” అని కేకేసేవాడు. కొత్త ఫొటో వచ్చిందా అని దాని అర్థం. ఆ మాట తెలియనివాళ్ళు ఒక్కోసారి వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసేవారు.

ఒక శనివారం ఫొటో లేదు. కిందికీ పైకీ వెతికాను. ఆర్కుట్ ఆల్బంలో అప్పట్లో పన్నెండు ఫొటోలే పడతాయి. పదమూడోది పెట్టాలంటే ఉన్నవాటిలో ఒకటి తీసెయ్యాల్సిందే. డ్రైవరు కుర్రాడు తెల్ల ల్యాండ్ క్రూజర్ పక్కన దిగిన ఫొటో కొత్తగా పెట్టాడు. జాగా కోసం పిన్నిని తీసేశాడు. పిల్లాడు ఏమీ అనలేదు. అయిదు రూపాయల బిళ్ళ కౌంటర్ మీద పెట్టాడు, నేను వెనక్కిచ్చేస్తే తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అతనికి స్క్రాప్ రాశాను. తెలుగే, ఇంగ్లిష్ అక్షరాల్లో. పిల్లాడు వారం వారం వస్తున్నాడనీ, ఇవాళ తిరిగి వెళ్ళిపోయాడనీ. అతనికి అప్పుడు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, ఆ పన్నెండు ఫొటోలే అతని బయోడేటా. ఇక్కడ ఆడపిల్లలవాళ్ళు కూడా మా సెంటర్‌కే వచ్చి అతన్ని చూసుకునేవారు మరి. ఏం చేస్తాడో అనుకున్నాను. వచ్చే శనివారానికి పిన్ని మళ్ళీ వచ్చింది. ల్యాండ్ క్రూజర్ కూడా ఉంది. పోయింది మాత్రం కువైట్ టవర్స్ ముందు నల్ల కళ్ళజోడుతో, చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో. అతని ఫొటోల్లో అందరికీ నచ్చేది అదే. స్క్రాప్‌లో ఒక్క లైను రాశాడు: ‘సంబంధం కారుని చూసైనా ఇస్తార్లే.’ ఇచ్చారు కూడా.

ఇటు నుంచి కబురు పంపడం ఇంకో కథ. పిన్నికి తెలుగు తప్ప చదవడం రాదు. అప్పటికే లేఖిని వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు అక్షరాలు పడతాయి, వాటిని తీసుకెళ్ళి స్క్రాప్‌లో అతికించుకోవచ్చు. నాకు అదో పెద్ద ఇంద్రజాలం. పిల్లాడు చెబుతుంటే ఒత్తులు, దీర్ఘాలు సరిచూసుకుంటూ అరగంట కొట్టి పంపాను. అటునుంచి జవాబు: ‘అన్నీ డబ్బాలు వస్తున్నాయి.’ ఎక్స్‌పీ సిస్టములో సీడీ పెట్టి ఏవో ఫైళ్ళు ఎక్కిస్తేగానీ తెలుగు కనపడేది కాదు. ఫర్వానియా కేఫ్‌లో అంత ఓపిక ఎవరికుంటుంది?

అప్పుడు స్కానర్ గుర్తొచ్చింది. పిల్లాడు రూళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో రాసుకొచ్చేవాడు. దాన్ని స్కాన్ చేసి ఫొటోలాగా నా ఆల్బంలో పెట్టేవాణ్ణి. నా పన్నెండులో ఒకటి వాడిది. వారం వారం పాత ఉత్తరం తీసేసి కొత్తది పెట్టేవాణ్ణి. డ్రైవరు దాన్ని ప్రింటు తీసి శుక్రవారం పిన్నికి ఇచ్చేవాడు. ‘అమ్మా నేను బాగున్నాను. అమ్మమ్మకి కళ్ళు ఆనడం లేదు. లెక్కల్లో 41 వచ్చాయి. వచ్చేటప్పుడు రిమోటు కారు తే.’ ఆల్బం ఎవరైనా చూడొచ్చు కదా, ఊళ్ళో సగం మందికి ఈ కారు సంగతి తెలిసిపోయింది. గడియార స్తంభం దగ్గర కిళ్ళీ కొట్టాయన కూడా పిల్లాణ్ణి ఆపి “కారు వచ్చిందా?” అని అడిగేవాడు. తర్వాతి ఏడాది పిన్ని సెలవులకి వచ్చినప్పుడు కారు తెచ్చింది, ఎర్రది. బ్యాటరీలు అమలాపురంలో దొరకలేదు.

ఆ తర్వాత ఫేస్‌బుక్. ముందు హైదరాబాదు వెళ్ళిన స్నేహితులు, వాళ్ళ వెనక మేము, వలసపోయినట్టు ఇటునుంచి అటు మారిపోయాం. ఫోన్లో నెట్ రాగానే సెంటర్ జనం పల్చబడ్డారు. మావయ్య రెండు సిస్టములు ఉంచి జిరాక్స్, మీసేవ దరఖాస్తులు మొదలుపెట్టాడు. తర్వాత అవీ లేవు, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ రిపేరు షాపు. 2012 అక్టోబరుకి ఫేస్‌బుక్‌లో వంద కోట్లమంది. 2014 ఫిబ్రవరిలో అదే కంపెనీ వాట్సాప్‌ని 1900 కోట్ల డాలర్లకి బేరమాడింది. అదే ఏడాది సెప్టెంబరు 30న ఆర్కుట్‌ని మూసేశారు. ఎవరివి వాళ్ళు దించుకోండని ముందే చెప్పారు, గడువూ ఇచ్చారు. నేను బద్ధకించాను. బ్రెజిల్ స్నేహితుడి ఓయ్‌లన్నీ అలాగే పోయాయి. అతని పూర్తి పేరు కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు.

2016లో జియో వచ్చాక మా ఇళ్ళల్లో ఏం జరిగిందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పిన్నే నాకు ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపింది. యజమానురాలు పాత ఫోనిచ్చిందట. ఆ తర్వాత వంటగదిలోంచే వీడియోలు. 2020 జూన్‌లో ఇక్కడ టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు కువైట్‌లో ఆవిడది నిక్షేపంగా నడిచింది, చూసే మేమే లేకుండా పోయాం. ఇప్పుడు ఫేస్‌బుక్‌లో రోజుకి పది ఫొటోలు పెడుతుంది, పన్నెండు అనే లెక్కే లేదు. అన్నిటికీ లైక్ కొడతాను. కొట్టడం బొటనవేలికి అలవాటైపోయింది. మొన్నటి ఫొటోలో ఆవిడ చేతికి వాచీ ఉందా అంటే చెప్పలేను.

నేను పాతదంతా బంగారం అనే బాపతు కాదు. ఆ రోజుల్లో పిన్ని నెలకొక ఫోన్ చేసేది, అదీ కార్డు అయిపోతుందేమోనన్న టెన్షన్‌తో, ఏడవడానికి కూడా టైము లేకుండా. ఇప్పుడు అమ్మమ్మకి కళ్ళ ఆపరేషన్ అయితే ఆసుపత్రి మంచం పక్కన ఫోన్ ఆనించి పెట్టి రాత్రంతా వీడియోలో కూర్చుంది. దీన్ని తక్కువ చెయ్యలేను. కానీ ఇదే ఫోన్లో 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని మా అమ్మే మా కుటుంబం గ్రూపులో పెట్టింది. ఆ పుకారుకి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దారిన పోయే అమాయకుల్ని కొట్టారు, ప్రాణాలు పోయాయి. గద్వాలలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పల్లెపల్లెకీ జానపద కళాకారుల్ని పంపించి, నమ్మకండని పాటల్లో చెప్పించారు. వాట్సాప్ తెచ్చిన జబ్బుకి పాటతో వైద్యం. జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డుని అయిదుకి కట్టేసింది. అమ్మకి అది తెలిశాక, “అయిదుగురికేనట్రా, మీ పెదనాన్నకి ఎలా పంపను?” అంది.

2022 మే 24న, కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చే గొడవలో మా అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలిపోయాయి. జనం అంతలా ఎలా పోగయ్యారంటే మళ్ళీ ఆ గ్రూపులే అన్నారు. వెంటనే నెట్ ఆపేశారు, రోజుల తరబడి. నేను అప్పుడు ఊళ్ళోనే ఉన్నాను. పక్క వీధిలో ఏం జరుగుతోందో మాకు తెలియదు. తెలిసింది కువైట్‌లో ఉన్న పిన్నికి. అక్కడ కూర్చుని ఆవిడ మా ఊరి మంటలన్నీ ఫోన్లో చూస్తోంది, వాటిలో ఏవి మా ఊరివో ఏవి కావో కూడా తెలియకుండా. మామూలు ఫోన్ చేసి, పాతరోజుల్లోలా గబగబా అడిగింది: “గడియార స్తంభం ఉందా బాబూ? మా ఇల్లు ఉందా? అమ్మ తిందా?” రెండు నిమిషాల్లో కట్.

ఆవిడ కొడుక్కి ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ నెలలో ఇంటి నుంచే పని చేస్తున్నాడు. నెట్ లేకపోతే ఉద్యోగానికే ఎసరు. మూడో రోజు పొద్దున్నే నా బండి వెనక లాప్‌టాప్ బ్యాగుతో ఎక్కాడు. ముమ్మిడివరం దాటి, ఎదుర్లంక వంతెన మీద గౌతమి గోదావరి సగం దాటేసరికి జేబులో ఫోన్లు ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టాయి. అవతల యానాం, అది పుదుచ్చేరి కింద ఉంది. వంతెన దిగాక రోడ్డు పక్కన మాలాంటివాళ్ళు పది పదిహేను మంది, బండ్ల మీద, చెట్ల కింద, ఎవరి ఫోన్లో వాళ్ళు. ఒకాయన టాంకు మీద లాప్‌టాప్ పెట్టుకుని మీటింగులో మాట్లాడుతున్నాడు, పైన చొక్కా, కింద లుంగీ. పక్కనే కొబ్బరి బొండాల బండివాడికి ఆ రోజు మంచి బేరం.

వాడు ఆఫీసు కంటే ముందు అమ్మకి వీడియో కొట్టాడు. గాలి హోరుకి ఏమీ వినపడటం లేదు. ఇద్దరూ కాసేపు అరుచుకుని ఊరుకున్నారు, ఊరికే చూసుకుంటూ. వాడు ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకుని, “అమ్మా, ఆ వాచీ ఎప్పుడు కొన్నావే?” అన్నాడు. నేను తొంగి చూశాను. నిజమే, బంగారు రంగు గొలుసు వాచీ.

నా తల కనపడగానే పిన్ని మొహం విప్పారింది. వెనక బొండాల బండీ, వరసగా నిలబెట్టిన బైకులూ, ఫోన్లు పట్టుకుని నిలబడ్డ మనుషులూ ఆవిడకి కనపడుతున్నట్టున్నారు.

“ఏం బాబూ, మళ్ళీ నెట్ సెంటర్ పెట్టేవా? గంటకెంత?” అంది.